వెనక గుండీల గౌను

ఈ రోజుల్లో పిల్లల బట్టల కొట్టు అద్దం ముందు నిలబడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కడ చూసినా తళుకులు, గుచ్చుకునే వల గుడ్డ, ఛాతీ మీద ఏదో బొమ్మ. పిల్ల చెయ్యి పైకెత్తితే చంక దగ్గర పిగిలిపోతుంది. తిరగేసి చూస్తే కుట్టు పక్కన వేలెడు గుడ్డ కూడా వదలరు. పిల్లలు పెరుగుతారన్న ఇంగితం కూడా లేదు ఆ కుట్టినవాళ్ళకి. నేను ఆడవాళ్ళ బట్టలు కుట్టే మనిషిని. వీధిలో నన్ను టైలరమ్మ అంటారు. నాతో కాస్త ఆచితూచి మాట్లాడతారు. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు.

ఇంటి ముందు గదే నా కొట్టు. తలుపు పక్కన కాలి మిషను, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడకి నిలువుటద్దం, ఆ పక్కన చెక్క పరదా. మిషను నల్లరంగు మీద ఉండే బంగారు పూలు సగం చెరిగిపోయాయి. పాదాలు ఆనే ఇనప పలక నున్నగా అరిగిపోయింది. మా అమ్మాయి గౌన్లన్నీ ఈ మిషను మీద కుట్టినవే.

అప్పట్లో గౌను అంటే గౌనే. బుట్ట చేతులు, గుండ్రటి కాలరు, దాని అంచున సన్న లేసు. ఛాతీ మీద గుడ్డని దారంతో సన్నగా కుచ్చి, ఆ కుచ్చుల మీద రంగు దారంతో తేనెపట్టు కుట్టు. నడుముకి వెడల్పాటి పట్టీ, వెనక పెద్ద ముడి. అంచు లోపలికి జానెడు మడత, ఏటా కాస్త కాస్త విప్పుకుంటూ పోవచ్చు. గుండీలన్నీ వీపు మీదే. ముందు వైపు గుండీలు పెడితే ఆ కుట్టుపని అందమంతా ఏమవుతుంది? బట్టలు కుట్టించుకున్నవాళ్ళని అడిగి మిగిలిన ముక్కలు ఉంచుకునేదాన్ని. వీధిలో ఎవరింట్లోకి కొత్త బట్ట వచ్చినా దాని ముక్క మా అమ్మాయి కాలరు మీదో జేబు మీదో కనిపించేది. "వీధి బట్టలన్నీ ఒక్క పిల్ల ఒంటి మీదే ఉన్నాయి కదమ్మా" అని ఎదురు బండి దగ్గర ఇస్త్రీ ఆయన నవ్వేవాడు. అప్పుడాయనకి మీసం నల్లగా ఉండేది.

పొద్దున్నే మా అమ్మాయి నా ముందుకొచ్చి వీపు చూపించి నిలబడేది. గడ్డం కిందికి దించి, జడ తనే ముందుకి లాక్కునేది. నేను కింది నుంచి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ పైకి వచ్చేదాన్ని. మిగతా రోజంతా నా కాళ్ళు మిషను మీదే ఉండేవి. ఆ కాసేపే మా ఇద్దరికీ మాటా మంతీ. బళ్ళో ఎవరితో కటీఫు, ఎవరు పెన్సిలు లాక్కున్నారు, అన్నీ వీపు నాకు పెట్టే చెప్పేది. దాని మొహం కన్నా ఆ మెడ వెనక నూగు జుట్టే నాకు ఎక్కువ గుర్తు. చివరి గుండీ పెట్టగానే తుర్రుమనేది.

అలాగే ఒకరోజు పెరిగిపోయింది. ఫ్రిజ్‌లు బాగుచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. బిడ్డ పుట్టింది. ఆ బిడ్డకి అడుగులు వచ్చిన ఏడాది జ్వరమని ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి రాలేదు. దీని గురించి ఇంతకన్నా చెప్పలేను, అడక్కండి.

బిడ్డ నా దగ్గరికి వచ్చింది. ఒక్కచోట నిలవకుండా గెంతుతూ ఉంటుందని పిట్ట అని పిలుస్తాం. అల్లుడు ఊరికి అటు చివర ఉంటాడు, సెలవు రోజున వచ్చి చూసి పోయేవాడు. పోయినేడాది మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. నేను కాదన్నానా అంటే అనలేదు. సరేనన్నానా అంటే అదీ అనలేదు. చిన్నవాడు, ఎన్నాళ్ళని ఒంటరిగా ఉంటాడు? బుద్ధికి ఆ మాట తెలుసు. మనసుకి చెప్పి చూడండి, వింటుందేమో.

ఆ అమ్మాయి బస్సు కండక్టరు. పొడుగాటి మనిషి, బిగించి కట్టిన జుట్టు, స్టాపుల పేర్లు అరిచి అరిచి కాస్త బొంగురుపోయిన గొంతు. నన్ను ఏమని పిలవాలో తెలియక అన్నిటికీ ఒక 'అండీ' తగిలించి నెట్టుకొచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు పిట్టకి ఒక గౌను తెచ్చింది. పైన చెప్పాను చూడండి, తళుకులూ వల గుడ్డా, అలాంటిదే. నేను దాన్ని తిరగేసి కుట్లు చూసి, ఏమీ అనకుండా మేకుకి తగిలించాను. నేను ఏమీ అనకపోవడం అంటే ఏమిటో మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆమెకీ తెలిసింది. మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంది.

వేసవి సెలవుల్లో అల్లుడు అసలు సంగతి చెవిన వేశాడు.

"బళ్ళు తెరిచేలోపు పిట్టని మా ఇంటికి తీసుకెళ్దామనుకుంటున్నాం అత్తయ్యా" అన్నాడు. "ఒక్కసారే వద్దులెండి. ముందు ఒక శని ఆదివారాలు ఉంచుకుని చూస్తాం. అలవాటు పడితే సరే. ఉండలేకపోతే మీ దగ్గరే ఉండనిద్దాం. నేను బలవంతం చెయ్యను."

ఇన్ని మాటల్లో నేను పట్టుకున్నది ఒక్కటే, 'ఉండలేకపోతే' అన్న మాట. పిట్ట వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనూ మిషనూ. 

సరిగ్గా అప్పుడే పిట్ట కళ్ళు గోడ మీది ఫోటో మీద పడ్డాయి. అందులో మా అమ్మాయికి ఇప్పటి పిట్ట వయసే. పక్కకి తిరిగి నిలబడి, బుట్ట చేతుల గౌనులో పెద్ద ముడి కనపడేలా ఫోజు పెట్టింది.

"అమ్మ గౌను లాంటిది నాకూ కుట్టు అమ్మమ్మా" అంది పిట్ట.

"ఒకటేం ఖర్మ, మూడు కుడతాను" అన్నాను.

గుడ్డ కోసం వెళితే కొట్టతను నవ్వాడు. "ఆ రకం పాప్లిన్ ఇప్పుడెవరు అడుగుతున్నారమ్మా, మా నాన్న హయాంలో అమ్మేవాళ్ళం" అన్నాడు. "మీ నాన్నకి బుద్ధి ఉండేది" అని వచ్చేశాను. ఇంట్లో ఇనప పెట్టె అడుగున వెతికితే దొరికింది. లేత పసుపు మీద చిన్న చిన్న పూలు. పాతగుడ్డ వాసన, అందులో వేసిన ఎండు వేపాకు వాసన కలిసి మా అమ్మాయి చిన్నతనం మొత్తం మొహానికి కొట్టినట్టయింది. పెట్టె మూత పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆ రోజుల్లో నా కళ్ళు సూది బెజ్జాన్ని వెతుక్కోకుండా దారం ఎక్కించేవి. మా ఆయన అప్పటికి బతికే ఉన్నాడు. సాయంత్రం పని కట్టిపెట్టి ముగ్గురం అరుగు మీద కూర్చుంటే వీధంతా మాదే అన్నట్టుండేది.

మొదటి గౌను పసుపుది. రెండోది తెలుపు, ఛాతీ మీద ఎర్రదారం పని. మూడోది లేత నీలం. సుద్దతో చుక్కలు పెట్టి, చుక్క నుంచి చుక్కకి దారం వేసి లాగితే గుడ్డ బుద్ధిగా కుచ్చుల్లోకి వస్తుంది. ఆ పని మిషను చెయ్యదు, చెయ్యే చెయ్యాలి. పిట్ట బల్ల మీద బోర్లా పడుకుని చూసేది. "అమ్మ కూడా ఇలాగే చూసేదా?" అని అడిగేది. చూసేది. సరిగ్గా ఆ బల్ల మీదే, అలాగే కాళ్ళు ఊపుకుంటూ. కొన్నిసార్లు తల ఎత్తితే ఇది ఎవరో నాకు క్షణకాలం తెలిసేది కాదు. తెలియకపోవడం బాగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

గుండీలు కూడా అవే. మా అమ్మాయి గౌన్లు చిరిగి గుడ్డపీలికలైనా, వాటి గుండీలు కత్తిరించి పౌడరు డబ్బాలో దాచాను. ముత్యపు చిప్ప గుండీలు, పలుచగా మెరుస్తూ ఉంటాయి. గట్టిగా లాగితే విరుగుతాయి. అలాంటివి ఇప్పుడు దొరకవు.

పసుపు గౌను తొడిగిన రోజు పిట్ట అద్దం ముందు నుంచి కదలలేదు. ఇస్త్రీ ఆయన చూసి బొగ్గులు ఊదుతున్నవాడల్లా ఆగిపోయాడు. "అమ్మా, మీ అమ్మాయే మళ్ళీ నడిచొచ్చినట్టుంది" అన్నాడు.  పిట్ట గడ్డం దించి, జుట్టు ముందుకి లాక్కుని నిలబడింది. ఎవరూ నేర్పలేదు దానికి. నేను కింది నుంచి గుండీలు పెట్టుకుంటూ వచ్చాను.

"చూడు పిట్టా, ఇవి అమ్మ గుండీలు" అన్నాను. "వీటి మీద నా చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పడకూడదు. పుటుక్కున విరిగిపోతాయి."

"పిన్ని చెయ్యి కూడానా?"

"పిన్ని చెయ్యి అస్సలు పడకూడదు. టికెట్లు చింపే చెయ్యి అది."

అదీ నేనన్న మాట. నోరు జారిందని అనుకోండి, కావాలనే అన్నానని అనుకోండి. కుట్టేవాళ్ళకి చేతి పని మీద ఒక పిచ్చి మమకారం ఉంటుంది, నేను కుట్టిన బట్ట ఇంకొకరు తడిమితే నాకు ఇప్పటికీ చేతులు దురద పెడతాయి. ఆ మమకారం వెనక ఇంకేముందో ఆ పూట నేను తరచి చూసుకోలేదు.

శనివారం పొద్దున్న అల్లుడూ కండక్టరమ్మా వచ్చారు. పసుపు గౌను తొడిగి, తెల్లదీ నీలందీ మడతపెట్టి సంచిలో పెట్టి ఇచ్చాను. పిట్ట గెంతుకుంటూ వెళ్ళింది. నేను రెండు రోజులూ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. ఒకావిడ జాకెట్టుకి చేతులు తారుమారుగా కుట్టి మళ్ళీ విప్పాను. ఏడుస్తుందేమో అని బెంగ. ఏడిస్తే బాగుండునని ఇంకో పక్క. నా మనసు నాకే వెగటుగా ఉండేది.

ఆదివారం సాయంత్రం వచ్చారు. ముందు నాకు కనిపించింది గౌనే. అదే పసుపు గౌను. నలిగి ముద్దైపోయింది, పట్టీ ఊడి వేలాడుతోంది, మెడ దగ్గర చెమట మరక. సంచిలో మిగతా రెండూ నేను పెట్టిన మడత పెట్టినట్టే ఉన్నాయి.

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. "లాభం లేదు అత్తయ్యా" అన్నాడు. "వాళ్ళ పిన్ని చేత బట్టలు మార్పించుకోలేదు, స్నానం చేయించుకోలేదు. దగ్గరికి వెళితే గోడకి వీపు ఆనించి నిలబడింది. నేను మారుస్తానంటే నన్నూ వద్దంది. మీ దగ్గరే ఉండనీయండి. మేం వారం వారం వస్తాం."

కండక్టరమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "కొత్త చోటు కదండీ, సిగ్గుపడింది" అంది. 

నేను మనసులో ఎగిరి గంతేశాను. దాచుకోవడం దేనికి, గెలిచాననే అనిపించింది. పైకి మాత్రం పెద్దమనిషిలా "సరే, కూర్చోండి, దానికి నీళ్ళు పోసుకొస్తాను" అని పిట్టని లోపలికి తీసుకెళ్ళాను.

గుండీలు విప్పి గౌను లాగాను. ఛాతీ మీద నేను కుట్టిన తేనెపట్టు అచ్చుగుద్దినట్టు ఎర్రగా పడి ఉంది. చంకల్లో, మెడ చుట్టూ చెమటకాయలు. నీళ్ళు పడగానే పిట్ట ఉలిక్కిపడింది.

"ఎందుకే ఇలా చేశావు? రెండు రోజులు ఇదే గౌనులో ఉన్నావా?"

"మరి నీ చెయ్యి తప్ప పడకూడదన్నావుగా. నాకు వెనక్కి అందవు." పిట్ట నా మొహంలోకి చూసింది. "ఒక్కటి కూడా విరగలేదు అమ్మమ్మా. బోర్లా పడుకున్నాను."

చెంబెడు నీళ్ళు దాని వీపు మీద మెల్లగా పోశాను.

"పిన్ని ఏమీ అనలేదా?"

"ఎందుకు ముట్టుకోనివ్వవు అని అడిగింది. నువ్వు చెప్పావని చెప్పాను. టికెట్లు చింపే చెయ్యి అన్నావని కూడా చెప్పాను. అయితే వద్దులే, మీ అమ్మమ్మ చెప్పింది కదా, అంది. నాన్నకి చెప్పొద్దంది. ఉక్కగా ఉందని పక్కన కూర్చుని అట్టముక్కతో విసిరింది. నాకు నిద్ర పట్టేదాకా విసిరింది."

 నాకు తల కొట్టేసినట్టయింది. నా మీద చెప్పడానికి ఆమెకి కావలసినంత ఉంది. కుర్చీలో కూర్చున్న మొగుడి ముందు, పిల్ల సిగ్గుపడిందని నా పరువు కాపాడింది.

పిట్ట తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది. "ఇవాళ పొద్దున్న పిన్ని బస్సులో వెళ్ళాం. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టింది. స్టాపు పేరు నేనే అరిచాను, ఒక తాతయ్య దిగాడు. నాకు మళ్ళీ వెళ్ళాలని ఉంది అమ్మమ్మా. గుండీలు లేని గౌను ఒకటి కుట్టిపెట్టవా? అప్పుడు వెళ్తాను."

వెళ్ళాలని ఉందట. నేను గెలిచానని అనుకుంటున్నది ఎవరి మీద? వేలెడంత పిల్ల మీద. ఇంకెన్నాళ్ళు పెడతాను నేను ఈ గుండీలు? మా అమ్మాయి బతికుంటే ఏమనేదో నాకు తెలుసు. 'అమ్మా, నీకేమైనా పిచ్చా' అనేది. దాని నోరూ నా నోరే.

పిట్ట ఒళ్ళు తుడిచి, పౌడరు అద్ది, లోపల మెత్తటి షిమ్మీ వేశాను. నీలం గౌను తలమీంచి దించాను. వీపు మీద గుండీలు పెట్టకుండా, దాన్ని అలాగే చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకొచ్చాను.

"నా కళ్ళకి కాజాలు ఆనడం లేదు" అన్నాను. "ఏమ్మా, నువ్వు కాస్త గుండీలు పెట్టు."

అల్లుడు వింతగా చూశాడు. కాజాలు ఆనకపోవడమా? వాటిని చేత్తో కుట్టింది నేను, మొన్ననే. కండక్టరమ్మ కదల్లేదు. నా వైపు, పిట్ట వైపు మార్చి మార్చి చూసింది.

"అమ్మమ్మా, విరిగిపోతాయేమో" అంది పిట్ట మెల్లగా.

"విరిగితే విరుగుతాయి. గుండీలదేముంది, ఇంకోటి కుడతాను. వీపు తిప్పు, పిన్నికి చూపించు."

పిట్ట కాసేపు నన్నే చూసింది. నేను నిజంగానే అంటున్నానో లేదో తేల్చుకుంటోంది. తర్వాత వెళ్ళి ఆమె ముందు నిలబడి, గడ్డం దించి, జుట్టు ముందుకి లాక్కుంది. కండక్టరమ్మ గబగబా చేతులు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుని నేల మీద కూర్చుంది.  రద్దీలో ఊగే బస్సులో పట్టు లేకుండా నిలబడే మనిషి, పిల్ల వీపు ముందు ఊపిరి బిగబట్టింది.

మొదటి గుండీనే రెండో కాజాలో పెట్టింది.

నాకు కనిపించింది. నా చేతులు లేచాయి కూడా. కత్తిరింపు బల్ల అంచు పట్టుకుని, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని ఊరుకున్నాను. ఒకదాని మీద ఒకటి అన్నీ తప్పు కాజాల్లోకే వెళ్ళాయి. కింద ఒక వైపు అంచు పొడుగై వేలాడింది, పైన మెడ దగ్గర ఒక గుండీకి కాజా మిగల్లేదు. ఆమె ఆ గుండీని పట్టుకుని అటూ ఇటూ చూసి, ఏమీ తోచక కాలరు కింద దాచేసింది. నడుం పట్టీ ముడి కుక్క చెవిలా పక్కకి వాలింది. వీపు మీద చెయ్యి వేసి "అయిపోయింది" అంది. గొంతు ఇంకా బొంగురుపోయింది.

"బాగా పెట్టిందా అమ్మమ్మా?" అని అడిగింది పిట్ట.

"చక్కగా పెట్టింది" అన్నాను. ఇన్నేళ్ళ పనిలో వంకర కుట్టుని చక్కగా ఉందని నేను అనడం అదే మొదలు.

అల్లుడితో చెప్పాను. "తీసుకెళ్ళు నాయనా. ఉంటుంది. ఉండనంటే నేను చెప్తాను దానికి. సెలవు రోజున నువ్వు తీసుకురా, నన్నే రమ్మన్నా వస్తాను." కండక్టరమ్మ చేతికి తెల్ల గౌను సంచి ఇస్తూ, "ఒంటి మీద నేరుగా వెయ్యకు, లోపల షిమ్మీ వెయ్యి. ఒరుసుకుంటోంది" అన్నాను.

"అలాగేనమ్మా" అంది. 'అండీ' అనలేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పిట్ట ఇద్దరి మధ్యా, ఇద్దరి చేతులూ పట్టుకుని గెంతుకుంటూ పోతోంది. సాయంత్రపు ఎండలో ఆ నీలం వీపు మెడ నుంచి నడుం దాకా మెలికపడి ఉంది. వీధి మలుపు దాకా వెనక్కి చూడలేదు.

"ఏంటమ్మా, మనవరాలి గౌను వెనక వంకరపోయింది" అన్నాడు ఇస్త్రీ ఆయన, బండి మీంచి మెడ సాచి. "మీ ఇంట్లోంచి అలాంటిది బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదే. కేకెయ్యనా, సరిచేద్దురు గాని?"

"వద్దు" అన్నాను. "వాళ్ళమ్మ పెట్టింది. అలాగే ఉండనీ."

 నేను లోపలికి వచ్చి కత్తిరింపు బల్ల మీద తల పెట్టుకుని, మా అమ్మాయిని పేరు పెట్టి పిలిచి ఏడ్చాను.